పేరు కోసం తీసుకున్న జాగా

"జాగా చాలడం లేదు సార్" అన్నాడు యుగంధర్.

గౌస్ సారు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, చేతిలోని చిప్పును కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తున్నారు. వేలిగోరంత ఉంటుంది అది.

నంద్యాల పాత బస్టాండు వెనక సందులో మాది రేకుల షెడ్డు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన సారు ఇంట్లో ఊరికే కూర్చోలేక పెట్టుకున్నది. బోరు మోటార్లకీ, గుడ్లు పొదిగే మిషన్లకీ చిన్న చిప్పులు పెట్టి, వాటికి ప్రోగ్రాం రాసి ఇస్తాం. సోల్డరింగు నాది. ప్రోగ్రాం యుగంధర్‌ది. వాడు తెలివైనవాడే, కాదని ఎవరన్నారు? ఆ తెలివి ఊరందరికీ తెలియాలని వాడికి ఒకటే ఆరాటం, అక్కడే వచ్చింది చిక్కు.

"ఎంత చాలడం లేదు?" అన్నారు సారు.

"మొత్తం రెండు వేల గళ్లు సార్ దీని మెమరీ. నా ఫోన్లో ఒక్క ఫోటో పట్టదు ఇందులో. పెద్ద చిప్పు తెప్పిద్దాం."

"మిషను చేయాల్సిన పనులేంది?"

"వేడి చూడాల. తేమ చూడాల. గుడ్లు తిప్పాల. తేడా వస్తే మోత మోగించాల."

"వీటికి చాలడం లేదా?"

"వీటికి చాలుతుంది సార్..."

"మరి?"

యుగంధర్ నా వైపు చూశాడు. నావైపు చూస్తే నేనేం చెప్తా? బోర్డు మీదికి వంగి నా పని నేను చేసుకున్నా.

"అయితే గుర్తు నింపి నడిపి చూడు" అన్నారు సారు.

ఇది సారు పద్ధతి. ప్రోగ్రాం మొదలయ్యే ముందే, మెమరీలో ఖాళీగా ఉన్న గళ్లన్నింట్లో ఒకే గుర్తు నింపుతారు. మిషనును కొన్నాళ్లు నడవనిస్తారు. తర్వాత తీసి, గుర్తు ఎక్కడిదాకా చెరిగిందో చూస్తారు. చెరిగిన చోటిదాకా చిప్పుకు పని పడిందన్నమాట.

చిప్పుకు ఆ ఖాళీతో ఏం పని అంటారేమో, నా వంటింటి లెక్కలో చెప్తా. పొయ్యి మీద పాలు పెడతాం. గడప దగ్గర కూరగాయలామె కేకేస్తుంది. అటు పోయేలోపు ఫోను మోగుతుంది. ఏ పని ఎక్కడ ఆపామో గుర్తుండాలి కదా, లేకపోతే పాలు పొంగి పొయ్యిపాలే. చిప్పూ అంతే. ఒక పని ఆపి ఇంకో పనికి పోయే ప్రతిసారీ, ఎక్కడ ఆపిందో ఆ ఖాళీలో రాసి పెట్టుకుంటుంది. పని మీద పని పడేకొద్దీ ఆ రాత లోపలి గళ్లలోకి పోతుంది. మళ్లీ వెనక్కి రావాలంటే ఆ రాతే దానికి దారి.

యుగంధర్ గుర్తు నింపాడు, మిషనును టేబులు మీద పెట్టి నడిపాడు. మా షెడ్డులో ఇన్వర్టరు ఉంది, కరెంటు పోయే బాధ లేదు. పైన ఫ్యాను, చల్లటి నీడ. దాని బటను నొక్కేవాళ్లు లేరు, కదిపేవాళ్లు లేరు. అల్లుడికి చేసినట్టు చేశాడు దానికి.

"చూడండి సార్" అన్నాడు చివరికి, స్క్రీను తిప్పి చూపిస్తూ. "ఈ చివరి గళ్ల వైపు ఎవరూ తొంగి కూడా చూడలేదు. పెట్టిన గుర్తు పెట్టినట్టే ఉంది. దండగగా పడి ఉంది సార్ ఇంత జాగా."

"పడి ఉండనీ."

"ఎవరి కోసం సార్?"

"వచ్చేవాళ్ల కోసం" అన్నారు సారు. చిప్పును వాడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, టీ తాగడానికి బయల్దేరారు.

సారు సందు మలుపు తిరిగేదాకా ఆగాడు యుగంధర్. "ముసలాయన పాతకాలంలోనే ఉండిపోయినాడక్కా" అన్నాడు. "ఉప్పు డబ్బాలో కూడా సగమే పోయిస్తాడేమో ఇంట్లో."

"నోర్మూసుకుని పని చూడరా" అన్నా.

ఓబులమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. మహానంది దారిలో పల్లె ఆమెది. బస్సు దిగి, వెదురుబుట్ట చంకన పెట్టుకుని ఎండలో నడిచి వచ్చింది. బుట్టలో వరిపొట్టు, పొట్టులో గుడ్లు. కుర్చీ వేస్తే కూర్చుంది కానీ బుట్ట మాత్రం కింద పెట్టలేదు, ఒళ్లోనే పెట్టుకుంది.

"కొక్కెర తెగులొచ్చి కోళ్లన్నీ పోయినాయి సారూ. నావే కాదు, ఊరు ఊరంతా పోయినాయి. పొదగేద్దామంటే ఒక్క పెట్ట మిగల్లేదు. తెగులుకు ముందు పెట్టిన గుడ్లు ఇవి. ఇంక ఇవే."

"మీ కోళ్లు ఏ జాతమ్మా?" అన్నారు సారు.

"జాతి పేరు నాకేం తెలుసు సారూ? మా అత్త కాపురానికొస్తా పుట్టింటి నుంచి తెచ్చుకునింది. బూడిద రంగు. మెడ మీద ఎర్ర చార. ఇట్లాంటివి ఇంకోచోట నేను చూడలేదు. వీటిని చూడాలనే యాడాడి నుంచో వస్తారు నా ఇంటికి. మా అత్త పోతా పోతా నా చేతిలో పెట్టింది వీటినే." బుట్టను ఇంకా దగ్గరికి లాక్కుంది. "నా చేతిలో అయిపోకూడదు సారూ."

సారు ఒక గుడ్డు తీసి, రెండు చేతుల్లో పట్టుకుని చూసి, మళ్లీ పొట్టులో పెట్టారు. "మిషను పంపిస్తామమ్మా" అన్నారు. "ఆలస్యం చేయం."

సరిగ్గా అప్పుడే సారుకు కంటి ఆపరేషను పడింది. శుక్లాలు. కొన్నాళ్లు ఏ స్క్రీనూ చూడకూడదన్నారు డాక్టర్లు. ఓబులమ్మ గుడ్లేమో ఆగేవి కావు. "నువ్వే చూసుకో యుగంధర్" అన్నారు సారు. ఆసుపత్రి నుంచి ఫోను చేసి ఒక్కటే అడిగారు.

"చివరి గళ్లు ఖాళీగానే ఉన్నాయి కదా?"

"ఉన్నాయి సార్" అన్నాడు యుగంధర్. నా పక్కనే నిలబడి అన్నాడు. తడబడను కూడా లేదు.

మిషను ఇవ్వడానికి వాడితో పాటు నేనూ పోయినా. ప్లగ్గు పెట్టగానే చిన్న స్క్రీను వెలిగింది. వేడి అంకె వచ్చింది, తేమ అంకె వచ్చింది, ఆ రెండూ పోయి తెలుగులో ఒక పేరు వచ్చింది. యుగంధర్ అని. కాసేపుండి పోయింది, మళ్లీ అంకెలొచ్చాయి.

ఆ స్క్రీనుకు తెలుగు రాదు. తెలుగు కావాలంటే ఒక్కో అక్షరాన్నీ చుక్క చుక్కగా గీసి మెమరీలో పెట్టాలి, దానికి బోలెడు జాగా కావాలి. మావాడు కూర్చుని తన పేరుకు కావాల్సిన అక్షరాలు మాత్రం గీసుకున్నాడు. ప్రమాదం వస్తే చెప్పే మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

"ఏరా, నీ పేరెందుకురా దీనికి?" అన్నా.

"చేసినవాడి పేరుండొద్దా అక్కా? కుండ మీద కూడా వేలిముద్ర ఉంటుంది" అని నవ్వాడు. ఓబులమ్మ వైపు తిరిగి, "చదువొచ్చా పెద్దమ్మా?" అని అడిగాడు.

"మూడు దాకా చదివినా నాయనా. తెలుగైతే కూడబలుక్కుంటా. యు... గం... ధర్."

వాడి మొహం చూడాలి అప్పుడు, చాటంత అయింది. "శభాష్! మిషను బాగున్నప్పుడే ఈ పేరు వస్తుంది పెద్దమ్మా. ఇది కనబడినంతసేపు నువ్వు ధైర్యంగా ఉండు. మూత మాత్రం తీయొద్దు, వేడి పోతుంది."

ఆమె స్క్రీనుకు దణ్ణం పెట్టింది. నిజంగానే పెట్టింది, చేతులెత్తి.

గుడ్లు పెట్టిన కొన్ని రోజులకు ఓబులమ్మ షెడ్డుకు ఫోను చేసింది. యుగంధర్ నేర్పిన ప్రకారం ఆ ఒక్కసారికి మూత తీసి, ఒక్కో గుడ్డునూ టార్చిలైటుకు పెట్టి చూసిందట. "లోపల ఎర్ర దారాలు కనబడినాయి నాయనా! చుక్కంత గుండె, అట్లా కొట్టుకుంటాంది!" ఆమె అరుపు ఫోనులోంచి షెడ్డంతా వినబడింది. యుగంధర్ ఆ రోజు అందరికీ సమోసాలు తెప్పించాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం గాలివాన పడింది. మా సందులో రేకులు లేచిపోయాయి. కరెంటు వస్తూ పోతూ చాలాసేపు ఆడుకుంది. మిషను సంగతి మాకెవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? పిల్లలు పెంకు పొడిచే రోజు ఎప్పుడా అని ఎదురుచూస్తున్నాం.

సారు కట్టు విప్పుకుని షెడ్డుకు రావడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం ఓబులమ్మ మళ్లీ ఫోను చేసింది. సారే ఎత్తారు. అందరం వినేట్టు స్పీకరులో పెట్టారు.

"పొడిచే దినం దాటిపాయ సారూ. లోపల కిచకిచ లేదు. మూత తీసేదా వద్దా?"

"స్క్రీను మీద ఏం కనబడుతోందమ్మా?"

"పేరే సారూ. ఆ పిల్లోడి పేరు. వాన పడిన కాడి నుంచి కదలకుండా అదే ఉండాది. అది ఉంటే బాగున్నట్టే అని చెప్పినాడు కదా, ధైర్యంగా ఉన్నా."

సారు యుగంధర్ వైపు తిరిగారు.

"ఏం పేరు?" అన్నారు.

యుగంధర్ తల దించుకున్నాడు. నేనైతే ఆ తల పట్టుకుని గోడకు కొట్టేదాన్ని. సారు లేచి చొక్కా తగిలించుకున్నారు. ముగ్గురం బస్సెక్కాం.

ఓబులమ్మ ఇంట్లో మిషను మూత తీయగానే వేడి మొహాన కొట్టింది. గుడ్డు ఉడికిన వాసన. ఓబులమ్మ ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని విన్నది. దాన్ని పెట్టేసి ఇంకొకటి తీసుకుని విన్నది. అట్లా ఎన్ని విన్నదో. చివరికి నేనే ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టినా.

సారు వైరు తగిలించి, చిప్పు మెమరీ చదివారు. ఎక్కువసేపు పట్టలేదు. వాన రోజున కరెంటు ఆడుతుంటే, లోపలి చిన్న బ్యాటరీ మీద నడుస్తున్న చిప్పు వచ్చీ పోయే కరెంటును చూసుకోవాల్సి వచ్చింది. అదే సమయానికి గుడ్లు తిప్పాల్సి వచ్చింది. వేడి తేడా వచ్చి మోత మోగించాల్సి వచ్చింది. ఓబులమ్మ భయపడి బటను నొక్కింది. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఎక్కడ ఏది ఆపిందో రాసుకుంటూ రాసుకుంటూ చిప్పు చివరి గళ్లదాకా పోయింది. అక్కడ యుగంధర్ పేరు కూర్చుని ఉంది. స్క్రీను మీద మళ్లీ పేరు గీసే వేళకు, చిప్పు రాసుకున్న దాని మీద పేరు వచ్చి పడింది. చిప్పుకు వెనక్కి వచ్చే దారి లేకపోయింది. వెలిగించిన హీటరు వెలిగినట్టే ఉండిపోయింది, స్క్రీను మీద పేరూ ఉన్నట్టే ఉండిపోయింది.

"ఇట్లా చిక్కుకుపోతే తనంతట తాను మళ్లీ మొదలయ్యే ఏర్పాటు ఉండాల కదా. నేను ప్రతి మిషనులో పెడతా. ఏమైంది?" అన్నారు సారు.

"తీసేసినా సార్" అన్నాడు యుగంధర్. వాడి గొంతు వాడికే వినబడిందో లేదో. "పేరు గీసేటప్పుడు ఆలస్యమై మాటిమాటికీ మొదటికొస్తాందని... తీసేసినా."

సారు తలాడించారు. ఓబులమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు. "నేను చూడకుండా పంపినానమ్మా. తప్పు నాది."

ఆయన అంత పెద్దాయన అట్లా చేతులు జోడించి నిలబడితే నేను చూడలేక ట్రే వైపు తిరిగినా. యుగంధర్‌ను నాలుగు తిట్టి ఉంటే వాడికి ఎంత బాగుండేదో. ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

సారు ఒక స్టీలు పళ్లెం అడిగి తెప్పించారు. దాన్ని యుగంధర్ ముందు పెట్టి, గుడ్ల ట్రేను పక్కకు జరిపారు.

పొదిగించేవాళ్లకు ఇది మామూలు పనే. పిల్ల రాని గుడ్లను ఒక్కొక్కటీ పగలగొట్టి, లోపలిది ఎంత ఎదిగి ఆగిందో చూస్తారు. తప్పు ఏ రోజున జరిగిందో దాన్ని బట్టే తెలుస్తుంది.

"పగలగొట్టు" అన్నారు సారు.

"ఎందుకు సార్? తెలిసిపోయింది కదా."

"పగలగొట్టు."

వాడు మొదటి గుడ్డు తీసి, పళ్లెం అంచుకు కొట్టి పెంకు విప్పాడు. లోపల పిల్ల ఉంది. పూర్తిగా తయారైన పిల్ల. ముక్కు, గోళ్లు, మూసిన కళ్లు, తడిసి ఒంటికి అంటుకున్న నూగు. బూడిద రంగు. మెడ దగ్గర సన్నటి ఎర్ర చార.

ఓబులమ్మ వంగి చూసింది. "ఇది మా పెద్ద పెట్ట గుడ్డు" అంది. "కొస సన్నంగా ఉంటాది దానిది."

రెండోది పగలగొట్టాడు. మూడోది పగలగొట్టాడు. అన్నీ అంతే ఎదిగాయి, అన్నీ ఒక్క రోజే ఆగిపోయాయి. ప్రతి గుడ్డుకీ అది ఏ పెట్టదో ఓబులమ్మ చెప్తూనే ఉంది. ఇది కుంటిదానిది. ఇది మొండితోకదానిది. ఇది దిబ్బ మీద పోయి గుడ్లు పెట్టేదానిది. పళ్లెం నిండుతోంది.

సగం ట్రే కూడా కాకముందే యుగంధర్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. "చాలు సార్. మీ కాళ్లు మొక్కుతా. చాలు."

"ఆ ఖాళీ ఎవరి కోసమని అడిగినావు కదా" అన్నారు సారు. "చూసుకో."

ఇంకో గుడ్డు తీసి వాడి చేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

చివరి గుడ్డుదాకా వాడు పగలగొట్టాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే గడ్డపార తెచ్చుకుని దొడ్లో గుంట తవ్వాడు.

బస్సులో వస్తుంటే నాతో అన్నాడు, "వేరే చోటి నుంచి మంచి జాతి పిల్లల్ని తెచ్చిస్తానంటే, వద్దు నాయనా, కోళ్లు దొరుకుతాయి, ఇవి దొరకవు అనిందక్కా పెద్దమ్మ." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా. వాడిని ఓదార్చాలని నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

తర్వాత వాడు షెడ్డులో మాట్లాడటం తగ్గించేశాడు. అదే చిప్పు, అవే రెండు వేల గళ్లు ముందు పెట్టుకుని మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. తెలుగు అక్షరాలను మెమరీలోంచి తీసి, చిప్పులో ప్రోగ్రాం ఉండే చోటికి మార్చాడు. అట్లా చేయొచ్చని వాడికి ముందే తెలియదా అంటే, తెలుసు. పేరు కోసం అంత కష్టం ఎందుకనుకున్నాడంతే. ఇప్పుడు పేరు లేదు. వేడి ఎక్కువైంది, తేమ తగ్గింది, మూత తీయండి, ఇట్లాంటి మాటలకు కావాల్సిన అక్షరాలన్నీ ఉన్నాయి. గుర్తు నింపాక, వాడే నిలబడి కరెంటు తీస్తూ పెడుతూ, బటన్లన్నీ ఒకేసారి నొక్కుతూ, మిషనును వేధించి చంపాడు. అయినా చివరి గళ్లు ముట్టకుండా మిగిలాయి.

సారు చూశారు. చాలాసేపు చూశారు. "తీసుకుపో" అన్నారు.

"మీరు కూడా రండి సార్."

మళ్లీ ముగ్గురం పోయాం. ఓబులమ్మ వాకిట్లో ఒక్క ఈక లేదు. కోళ్లగూట్లో కట్టెలు పేర్చి ఉన్నాయి. మమ్మల్ని చూసి లేచి, చేతులు కడుక్కుని, మంచినీళ్లు ఇచ్చింది. కోపం చూపించి ఉంటే బాగుండేది, అదీ లేదు ఆమె దగ్గర.

యుగంధర్ మిషనును నట్టింట్లో పెట్టి ప్లగ్గు పెట్టాడు. స్క్రీను వెలిగి, వేడి అంకె, తేమ అంకె వచ్చి నిలబడ్డాయి.

"ఏం పేరూ రాలేదే?" అంది ఓబులమ్మ.

"రాదు పెద్దమ్మా. ఏదైనా తేడా వస్తేనే రాస్తుంది, అదీ తెలుగులో. ఎన్ని పనులు ఒకేసారి మీద పడినా ఇది ఆగదు. లోపల చాలా జాగా వదిలినా ఈసారి."

ఆమె మూత తీసింది. లోపలి వెచ్చదనం తగిలి చెయ్యి ఒక్క క్షణం వెనక్కి తీసుకుని, మళ్లీ లోపలికి పెట్టింది. ఖాళీ ట్రేల మీద అరచేత్తో మెల్లగా నిమిరింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"అవును నాయనా. శానా జాగా ఉండాది" అంది. "ఏం పెట్టమంటావు దీంట్లో?"

యుగంధర్ సారు వైపు చూశాడు. సారు కట్టెలు పేర్చిన గూటి వైపు చూస్తున్నారు.

వాడు మోకాళ్ల మీద వంగి, ప్లగ్గు పీకాడు.